ఏ విమానం కట్టాలి? – ఒక పింఛనుదారుని అనుభవం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా శ్రీముఖలింగంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను అనేది దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అన్నది. అందుకే ఏటా ఇదే తేదీన మనం కలుసుకుంటున్నాం. కరువు భత్యం గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ మాట్లాడడానికి నాకంటె సమర్థులు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నాతో మాత్రం, "మీరు విమానాలు కడుతున్నారట కదా, ఆ ముచ్చట చెప్పండి" అన్నారు. సభలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ కూడా నవ్వింది. "డెబ్బై దాటేక బొమ్మలాటేటండీ" అంది. అయితే నేను చెప్పబోయేదానిలో నవ్వుకు సంబంధించని భాగం ఒకటుంది. ఇంతవరకు మా ఇంట్లో తప్ప బయట ఎక్కడా చెప్పలేదు. ఈ రోజు చెబుతాను.

ముందు ఈ విమానాలేమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. నిజంగా యుద్ధాల్లో ఎగిరిన విమానం కొలతలను ఎనిమిదో వంతుకో పన్నెండో వంతుకో తగ్గించి నమూనా తయారు చేస్తారు. పెట్టెలో బాల్సా చెక్క ముక్కలు, పటం, తీగలు, చక్రాలు వస్తాయి. దీన్నే కిట్టు అంటారు. బాల్సా చాలా తేలిక. మన పెళ్ళిళ్ళలో బాసికాలకు వాడే జీలుగు బెండు తెలుసు కదా, ఇంచుమించు ఆ తరహా తేలికదనం, కాని దానికంటె గట్టిది. ఆ ముక్కలను జిగురుతో అతికి, పైన పలచని పొర అంటించి, లోపల చిన్న మోటారు, బ్యాటరీ, రేడియో పెట్టి, చేతిలోని పెట్టెతో నేల మీద నిలబడి ఎగరవేస్తారు.

ఈ పిచ్చి నాకు మా మనవడి వల్ల అంటింది. మా అమ్మాయి కొడుకు, విశాఖపట్నంలో చదువుకుంటున్నాడు. మన నౌకాదళంలో 29 ఏళ్ళు పనిచేసిన టీయూ-142 విమానాన్ని బీచ్ రోడ్డులో పెట్టి 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా ప్రారంభించారు. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. దాని కడుపులోకి వెళ్ళి వచ్చిన దగ్గర నుంచి వాడి పుస్తకాల అంచుల నిండా విమానాల బొమ్మలే.

నేను 2008లో పదవీ విరమణ చేస్తూ పింఛనులో కొంత కమ్యూట్ చేశాను. మీ అందరికీ తెలిసినదే, పదిహేనేళ్ళ కోత. 2023లో ఆ కోత తీరి పింఛను నిండుగా చేతికొచ్చింది. 2024 ఉగాదికి మనవడితో, "ఒరే, ఆ పెరిగిన డబ్బుతో నీకొక విమానం కొంటాను, ఇద్దరం కలిసి కడదాం" అన్నాను.

ఇక్కడే నా మొదటి తప్పు జరిగింది. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో చాలా కాలం స్టోర్సు సెక్షనులో ఉన్నాను. మూడు కొటేషన్లు, ఒక కంపేరిటివ్ స్టేట్‌మెంటు లేకుండా ఆఫీసుకు పెన్సిలు కూడా కొననివ్వలేదు. అలాంటివాణ్ణి, సొంత డబ్బుతో కొనేటప్పుడు పెట్టె మీది బొమ్మ చూసి కొనేశాను. ఆ బొమ్మ స్పిట్‌ఫైరుది.

స్పిట్‌ఫైరు అందమైన విమానం, కాదనను. పైగా మనవడు ఒక సంగతి చదివి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు వైమానిక దళానికి 152వ స్క్వాడ్రన్ ఉండేది. దాని పేరులోనే హైదరాబాదు ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. ఆ దళం 1940లో ఇంగ్లండు మీద జరిగిన గగన యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపింది, తరువాత బర్మా రంగానికీ వచ్చింది. "మన హైదరాబాదు పేరున్న విమానం తాతా" అన్నాడు. ఇంకేం, నాకూ ఆగలేదు.

మేము కొన్నది పన్నెండో వంతు కొలత. అసలు స్పిట్‌ఫైరు రెక్కల నిడివి 36 అడుగుల 10 అంగుళాలు, మాది మూడడుగుల పైచిల్లర. చిన్నది కనుక సులువు అనుకున్నాను. అది రెండో తప్పు. విమానాన్ని చిన్నది చేయవచ్చు గాని గాలిని చిన్నది చేయలేము. వంశధార మీద వీచే గాలి మూడడుగుల విమానానికీ, అయిదడుగుల విమానానికీ ఒక్కటే. చిన్నదాన్ని ఎక్కువ కుదుపుతుంది.

మూడో తప్పు బరువు. పటంలో ఎనిమిది వందల గ్రాములకు మించవద్దని ఉంది. నేను అందం కోసం రంగు మీద రంగు వేశాను. జిగురు ధారాళంగా పోశాను. పూర్తయ్యాక కిరాణా కొట్టులో తూయిస్తే పదకొండు వందల యాభై వచ్చింది. ఇసుకలో ఎడ్లబండి లాగినవారికి తెలుసు, చక్రం అదే, ఎడ్లు అవే, బస్తా ఒక్కటి పెరిగితే బండి దిగబడుతుంది. విమానానికి రెక్క వైశాల్యమే చక్రం. ఆ వైశాల్యం మీద బరువెక్కిన కొద్దీ అది గాలిలో నిలవడానికి ఎక్కువ వేగం కావాలి. వేగం తగ్గితే రెక్క పట్టు తప్పుతుంది. స్పిట్‌ఫైరు రెక్క చివరికి వచ్చేసరికి సన్నబడిపోతుంది. నమూనాలో అలాంటి రెక్క మలుపు తిరిగేటప్పుడు చివర ముందు పట్టు వదిలేస్తుంది. ఒక పక్కకు ఒరిగి, ముక్కు కిందికి పెట్టి పడిపోతుంది.

ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. 2025 సంక్రాంతి పండుగలకు తెలియవు.

కనుమ మరునాడు ఉదయం వంశధార ఇసుక మీదికి వెళ్ళాం. మనవడు, "తాతా, కంప్యూటరు మీద నేర్చుకునే ఆట ఒకటుంది, నెల రోజులు అది చేసి ఎగరేద్దాం" అని ముందే చెప్పాడు. నేను వినలేదు. "నీ ఎత్తున్నప్పటి నుంచీ సైకిలు తొక్కుతున్నాను, ఇదెంత" అన్నాను. వాడు విమానాన్ని చేత్తో విసిరాడు. రేడియో పెట్టె నా చేతిలో ఉంది. విమానం లేచింది. ఒక్క క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నది వైపు వెళ్ళిపోతోందని తిప్పబోయాను. ఇందాక చెప్పినట్టే ఒరిగింది. ఒడ్డున బట్టలుతుకుతున్న ఒకామెకు ఇరవై అడుగుల దూరంలో ముక్కు పెట్టి ఇసుకలో దిగబడింది.

పరుగెత్తుకు వెళ్ళాను. "అమ్మా, దెబ్బేమైనా తగిలిందా" అని అడిగాను. ఆమె నిదానంగా, "గెద్దేటో పడిందనుకున్నాను బాబూ. మా గుంట ఇప్పుడే గట్టెక్కింది" అంది. ఆమె మనవరాలు, అయిదారేళ్ళ పిల్ల, అంతవరకు సరిగ్గా ఆ ఇసుకలోనే ఆడుకుంటోందట. గట్టు మీద నిలబడి నా వైపు చూస్తోంది.

మిత్రులారా, కిలో పైన బరువున్న చెక్క, ముందు గిరగిర తిరిగే పంకా, లోపల బ్యాటరీ. తరువాత ఆ సంగతి ఆలోచించిన రాత్రులు చాలా ఉన్నాయి.

ఆ రాత్రి నాకు మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఎందుకో చెబుతాను. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాను నౌకాదళానికి చెందిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆనాడు పడిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. మా నాన్నగారికి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. రేవు దగ్గర లెక్కలు రాసే పనిలో చేరి మూడు నెలలయింది. బాంబులు పడ్డాక పట్నం ఖాళీ అయింది. ఎటు చూసినా మూటలు, పిల్లలు, బండ్లు. ఆయన కొంత దూరం నడిచి, కొంత దూరం బండి మీద, చివరకు రైలులో తిలారు స్టేషనులో దిగి మన ఊరు చేరారు. మళ్ళీ ఆ ఉద్యోగానికి వెళ్ళలేదు. పోయేవరకు కూడా విమానం చప్పుడు వినబడితే తల ఎత్తి చూసేవారు కాదు. అరుగు మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. మేము పిల్లలం బయటికి పరుగెత్తి చేతులూపేవాళ్ళం. అటువంటి మనిషి కొడుకుని నేను. ఇసుకలో ఆడుకునే పిల్ల మీదికి ఆకాశం నుంచి ఒక వస్తువును పడేశాను. సరదాకే కావచ్చు. పడేది పడేదే.

మనవడు నన్ను ఒక్క మాట అనలేదు. ముక్కలు గోనెసంచిలో వేసి తెచ్చాడు. మరునాడు విశాఖ వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఫోనులో వాళ్ళమ్మతో, అమ్మమ్మతో మాట్లాడేవాడు గాని, నాతో "బాగున్నావా తాతా" వరకే.

రెండు నెలలు చూశాను. ఉగాది ముందు కూర్చుని, ఉద్యోగంలో చేయవలసినట్టుగా ఒక కంపేరిటివ్ స్టేట్‌మెంటు తయారు చేశాను. ఎడమ పక్క విమానాల పేర్లు. పైన అయిదు గడులు: ఖరీదు, చరిత్ర, రెక్క, చక్రాలు, కట్టడం. దాన్ని ఫోటో తీసి మనవడికి పంపాను. సాయంత్రానికి తిరిగి వచ్చింది. నా అయిదు గడుల పక్కన ఎర్ర సిరాతో ఆరో గడి గీశాడు. దాని శీర్షిక ఒక్కటే మాట: "పడితే?"

ఆ గడితో స్టేట్‌మెంటు మొత్తం మారిపోయింది. అందులోని విమానాలను వరుసగా చెబుతాను. ఇళ్ళలో మనవలున్నవారికి పనికి రావచ్చు.

మొదటిది నాట్. మన వైమానిక దళానికి 1965లో, 1971లో పేరు తెచ్చిన చిన్న జెట్టు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద నాట్‌తోనే పోరాడి ఫ్లైయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ పరమవీర చక్ర పొందారు. చరిత్ర గడిలో దీనికి సాటి లేదు. కాని రెక్కలు మరీ పొట్టి. అసలు విమానానికే 22 అడుగులు. నమూనాలో పంకా బయట ఉండదు, గొట్టంలో ఉంటుంది, వేగంగా పోవాలి. నేర్చుకునేవాడి చేతిలో వేగం అంటే ఆరో గడిలో ఎర్ర గుర్తు.

రెండోది అమెరికావారి మస్టాంగ్. కిట్లు సులువుగా దొరుకుతాయి. చక్రాల ఎడం బాగుంది. కాని ఇదీ వేగం కోరుకునే విమానమే. పైగా దానితో మాకు ఏ అనుబంధమూ లేదు.

మూడోది మనవడు చేర్చాడు. చూసి ఉలిక్కిపడ్డాను. విశాఖ మీద బాంబులు వేసిన జపాను విమానమే. నకజిమా బీ5ఎన్, మిత్రపక్షాలవారు కేట్ అనేవారు. "రెక్క వెడల్పు తాతా, నిదానంగా ఎగురుతుంది, ఆరో గడిలో మంచి మార్కులు" అన్నాడు. నిజమే. విశాలమైన రెక్క, పదిహేనున్నర మీటర్ల నిడివి. "మీ ముత్తాతను తరిమిన విమానం మన దూలానికి వేలాడవద్దురా" అన్నాను. "బొమ్మకేం తెలుసు తాతా" అన్నాడు. "బొమ్మకు తెలియదు, మనకు తెలుసు" అన్నాను. సంక్రాంతి తరువాత మేమిద్దరం పూర్తిగా మాట్లాడుకున్నది అప్పుడే. వాడు అడిగాడు: "అయితే ఆ రోజు వాటికి ఎదురెళ్ళిన విమానం ఏది? అది కడదాం."

విశాఖలో ఎదురెళ్ళడానికి యుద్ధ విమానాలు లేవు. కాని ముందు రోజు ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద జపాను విమానాలు దాడి చేసినప్పుడు ఎదురెళ్ళినవి ముఖ్యంగా హరికేన్లు. వాటిలో చాలా కూలిపోయాయి కూడా. మా స్టేట్‌మెంటులో నాలుగో విమానం అదే.

హరికేను మొదటిసారి 1935 నవంబరు 6న ఎగిరింది. స్పిట్‌ఫైరు కంటె ముందు పుట్టిన విమానం. దానంత సొగసు ఉండదు. స్పిట్‌ఫైరు పెళ్ళికొడుకు అయితే, ఇది పెళ్ళిపనులు చేసే మేనమామ. కాని గడి గడికీ చూడండి. రెక్క మందం, చివరలు మరీ సన్నబడవు. స్పిట్‌ఫైరుకు చక్రాలు దగ్గర దగ్గరగా ఉండి నేల మీద ఒరిగే గుణం ఉంది. హరికేను చక్రాలు ఎడంగా ఉండి నిలకడగా నడుస్తుంది. కట్టడం సంగతి మరీ బాగు. అసలు హరికేను వెనక భాగమే లోహపు గొట్టాల చట్రం మీద చెక్క బద్దలు పేర్చి, పైన గుడ్డ బిగించి కట్టారు. అంటే మనం బాల్సా బద్దల మీద పలచని పొర అంటిస్తే అసలు విమానం కట్టిన పద్ధతికి దగ్గరగానే ఉన్నట్టు.

చరిత్ర గడిలోనూ తక్కువ కాదు. 1944లో ఇంఫాల్ దగ్గర మన వైమానిక దళపు ఒకటో స్క్వాడ్రన్ హరికేన్లు నడిపింది. అప్పుడు దాని నాయకుడు అర్జన్ సింగ్ గారు, తరువాత మన వైమానిక దళానికి మార్షల్ అయినవారు. 1940లో ఇంగ్లండులో హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు స్టేట్ అని పేరు. మనవడికి హైదరాబాదు పేరూ దక్కింది.

ఒక మాట మాత్రం దాచకూడదు. హరికేను కూడా యుద్ధ విమానమే. బర్మాలో బాంబులు వేసింది. ఆ బాంబుల కిందా తల్లులు కన్న బిడ్డలే ఉన్నారు. మంచి విమానం, చెడ్డ విమానం అని నేను తీర్పు చెప్పడం లేదు. ఏది కట్టినా, దాని కింద ఎవరు నిలబడ్డారో తెలిసి కట్టమంటున్నాను.

కొలత ఎనిమిదో వంతు తీసుకున్నాం. అసలు నిడివి 40 అడుగులు, మాది సరిగ్గా అయిదు. బరువు మూడు కిలోలు దాటకూడదని గోడ మీద రాసి పెట్టాం. ఆరో గడి ప్రకారం ఇది స్పిట్‌ఫైరు కంటె పెద్ద బరువు, పడితే పెద్ద దెబ్బ. అందుకని ఇద్దరం ఒక తీర్మానం చేసుకున్నాం. హరికేను కడుతూ ఉందాం, కాని నేర్చుకునే విమానం మీద వంద సార్లు క్షేమంగా దించేవరకు దాన్ని ఎగరవేయకూడదు. అలా నేర్చుకునేవాటికి రెక్క ఒంటి పైభాగాన ఉంటుంది, బరువు కింద వేలాడుతుంది, చేయి వదిలితే దానంతట అదే సర్దుకోవడానికి చూస్తుంది. ఒళ్ళంతా నురుగు పదార్థం కనుక పడినా దెబ్బ తక్కువ.

ఎగరవేసే చోటు కూడా మార్చాం. నది ఒడ్డు వద్దే వద్దు. స్నానాలకు వచ్చేవారు, పశువులు, శివరాత్రి రోజుల్లో చక్రతీర్థానికి ఒరిస్సా నుంచి కూడా వచ్చే జనం. వరి మళ్ళు కోతకు ముందే మినుము, పెసర చల్లేస్తారు కనుక అక్కడ తొక్కకూడదు. ఊరికి దూరంగా, గోగు తీసేసిన గరువు ఒకటి ఉంది. ఆసామిని అడిగి అనుమతి తీసుకున్నాం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు ఇటువంటి నమూనా విమానాలకూ వర్తిస్తాయి. ఎక్కడ ఎగరవేయవచ్చో, ఎక్కడ కూడదో డిజిటల్ స్కై పటంలో రంగులతో చూపిస్తారు. మనం జీవితమంతా రూల్సు చదివినవాళ్ళం, ఇవీ ఒకసారి చదివి ఎగరవేద్దాం.

మన వయసువారికి ఇంకొన్ని జాగ్రత్తలు. త్వరగా పట్టే జిగురు ఆవిరి కళ్ళకు మంచిది కాదు, కిటికీలు తెరిచి పని చేయాలి. బ్యాటరీని ఛార్జింగుకు పెట్టి నిద్రపోకూడదు, దెబ్బ తగిలితే అవి అంటుకుంటాయి. ఎగరవేసే ముందు బరువు కేంద్రం చూసుకోవాలి. రెక్క వెడల్పులో ముందంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య, పటంలో గుర్తు పెట్టిన చోట రెండు వేళ్ళ మీద ఆనించి ఎత్తితే విమానం కావడిలా సమంగా నిలవాలి. తోక కిందికి వాలితే ఎగరవేయవద్దు. మా స్పిట్‌ఫైరుకు నేను అదీ చూడలేదు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, సెలవులకు వచ్చినప్పుడల్లా మనవడు బ్లేడు పనులు చేస్తాడు, నా చేయి కొంచెం వణుకుతుంది. ఉప్పు కాగితంతో రుద్దడం, బద్దలు అతకడం నావి. రెక్కలు అయ్యాయి, తోక అయింది. రంగు పలచగా ఒక్క పూతే. రెక్కల మీద గుండ్రని గుర్తులో నీలం, తెలుపు మాత్రమే ఉంటాయి. బర్మా రంగంలో జపాను విమానాల ఎర్ర సూర్యుడిగా పొరపడకుండా ఆనాడు మధ్యలోని ఎరుపు తీసేశారట. నేర్చుకునే విమానం క్షేమంగా దిగిన లెక్క ఒక రిజిస్టరులో రాస్తున్నాను, తేదీ, సమయం, ఇద్దరి సంతకాలతో. నిన్నటికి మనవడివి అరవై రెండు, నావి పద్దెనిమిది. ఎవరికి వంద ముందు పూర్తయితే హరికేను మొదట వారి చేతికే. ఎవరికో మీకు తెలుస్తూనే ఉంది.

ఆ బట్టలుతికే అమ్మ ఇంటికి మా ఆవిడా నేనూ వెళ్ళి, జరిగింది తప్పని చెప్పి వచ్చాం. "పోనీ బాబూ, ఏటీ అవనేదు కదా" అంది. హరికేను ఎగిరిన రోజున ఆమెనూ, మనవరాలినీ పిలుస్తామని చెప్పాం. గరువు గట్టు మీద, మాకు బాగా వెనకగా, చింతచెట్టు నీడలో కుర్చీలు వేస్తాం. మీరూ రండి. అందరికీ అక్కడే చోటు.